రామవ్వ ఇంటి వైఫై

బెల్లంపల్లి బొగ్గు బాయిలో ముప్పై నాలుగేళ్లు ఎలక్ట్రీషియన్‌గా పనిచేసి దిగిన ఆశీర్వాదానికి తెలియని యంత్రం లేదని ఆ వాడ నమ్మకం. వాడ కన్నా ముందు అది ఆయన నమ్మకం. ఫ్యాన్ తిరక్కపోయినా, మిక్సీ మొరాయించినా, ఫోన్‌లో అవతలి మాట వినబడకపోయినా జనం ఆయన గడపే తొక్కుతారు. ఆయన కళ్లద్దాలు ముక్కు మీదికి జార్చి, జేబులోంచి టెస్టర్ తీసి, ముందు ఆ వస్తువు వాడినవాళ్లను నాలుగు చీవాట్లు పెట్టి, ఆ తర్వాత బాగుచేస్తాడు. చెడగొట్టింది ఎప్పుడూ ఎదుటివాళ్లే. "తప్పు నాదే" అన్న మాట ఆయన నోట పెళ్లయిన ఇరవై ఎనిమిదేళ్లలో ఒక్కసారీ వినలేదని భార్య రిబ్కమ్మ చెబుతుంది. మనిషి చెడ్డవాడేం కాదు, పండగ పూట పిలిచినా వస్తాడు. ఆ ఒక్క మాటకే గొంతు పెగలదు.

మెథడిస్టు చర్చిలో ఆయన పెద్ద. ఇంట్లో రోజూ పొద్దున ఆరింటికి కుటుంబ ప్రార్థన ఉండి తీరాలి. దానికి ముందు ఫోన్లన్నీ బల్ల మీద పెట్టాలి. ఆయనే ఒక్కొక్కటి తీసుకుని విమానం గుర్తు నొక్కి నెట్టు బంద్ చేస్తాడు. దేవునితో మాట్లాడుతుంటే మధ్యలో ఇంకొకరు మోగకూడదని ఆయన కట్టడి. ఆమెన్ అన్నాక ఎవరి ఫోన్ వాళ్లు తెరుచుకుంటారు.

ఆ ఇంటికి వైఫై మాత్రం పక్కింటి రామవ్వ చలవ. భర్త పోయాక ఒంటరిగా ఉంటోంది. కూతురు బాలలక్ష్మి కువైట్‌లో ఒకరి ఇంట్లో పనికి ఉంది. ఆమె ముఖం చూస్తూ మాట్లాడొచ్చని రామవ్వ వైఫై పెట్టించుకుంది. గోడకు రంధ్రం వేసి తీగ లాగింది ఆశీర్వాదమే. "నేనొక్కదాన్ని ఎంత వాడుత తమ్మీ, మీరు గూడ వాడుకోండ్రి" అని ఆమె పాస్‌వర్డు చెప్పేసింది. అయితే ఫోన్లకు వైఫై కలిపితే అందరూ వీడియోల్లో పడి చెడిపోతారని ఆశీర్వాదం దాన్ని కూతురి ల్యాప్‌టాప్‌కు తప్ప దేనికీ కలపనివ్వలేదు.

కూతురు క్యాథరిన్ నర్సింగ్ చదివింది. ఉద్యోగం రెండుసార్లు చేతిదాకా వచ్చి జారిపోయింది. మూడోసారి హైదరాబాదులో ఒక పెద్ద ఆసుపత్రి పిలిచింది. శుక్రవారం పదకొండింటికి పరీక్ష, వెంటనే ఇంటర్వ్యూ, అన్నీ ల్యాప్‌టాప్‌లోనే. ఫోన్‌లో ఆ పరీక్ష తెరుచుకోదు. పదకొండు దాటి ఒక్క నిమిషమైనా లోపలికి రానివ్వరు.

పదింటికి ల్యాప్‌టాప్ తెరిస్తే వైఫై పేర్లు కనిపించే చోట ఒక్క పేరూ లేదు.

"జరుగు, నేను చూస్త" అని ఆశీర్వాదం కూర్చున్నాడు. ఆపి మళ్లీ పెట్టాడు. చార్జర్ పీకి మళ్లీ గుచ్చాడు. కిటికీ దగ్గరికి తీసుకెళ్లాడు, గోడకు ఆనించి పెట్టాడు, వంటింట్లోకి మోసుకెళ్లి రిబ్కమ్మను పక్కకు జరగమన్నాడు. అక్షరాల మీటల సందుల్లో ఊదాడు. ఎక్కడా ఏ పేరూ రాలేదు.

"బాపూ, నా ఫోన్ల నెట్టుతోని కలిపి చూద్దం" అంది క్యాథరిన్.

"ఫోన్ నెట్టు మీద పరీక్షనా? నడుమల ఆగిపోతే ఏం జేస్తవ్?" అని కసిరాడు. ఆ ఒక్క పని చేసి ఉంటే జబ్బు ఎక్కడుందో అప్పుడే బయటపడేది. కానీ ఆయనకు అప్పటికే దొంగ దొరికేసింది. మొన్న ఆదివారం వాళ్లింట్లో ప్రార్థన కూటం జరుగుతుంటే రామవ్వ వచ్చి, "గా మైకు జర తగ్గియ్యి తమ్మీ, తలకాయ పలుగుతాంది" అంది. ఆయన తగ్గించాడు గానీ ఆ మాట మనసులోంచి పోనివ్వలేదు.

"పేరే కనబడ్తలేదంటే వైఫై డబ్బ బంద్ వెట్టిందన్నట్టే" అన్నాడు. "మైకు కోపం గిట్ల తీర్చుకుంటుంది." రిబ్కమ్మ "ఆగుండ్రి" అంటున్నా వినకుండా చెప్పులైనా వేసుకోకుండా వెళ్లాడు.

రామవ్వ అరుగు మీద కూర్చుని ఫోన్ ముఖానికి ఎదురుగా పట్టుకుని ఉంది. వాకిట్లో ఎదురింటి బాలవ్వ, ఇంకో ఇద్దరు ఆడవాళ్లు చింతపండు గింజలు తీస్తున్నారు.

"ఏందక్కా, గింత కోపం కడుపుల వెట్టుకుంటవా?" అని ఆశీర్వాదం వీధికంతా వినపడేలా అరిచాడు. "ఇచ్చినట్టే ఇచ్చి గీ టైముకు బంద్ వెడ్తవా? నా బిడ్డ బతుకు ఆగం జేస్తవా? నీకూ ఓ బిడ్డ ఉన్నది గదా!"

బాలవ్వ చేతిలో చింతపండు చేతిలోనే ఉండిపోయింది. రామవ్వ ఆయన ముఖంలోకి చూసి, ఆయన వెనకే పరుగెత్తుకొచ్చి నిలబడ్డ క్యాథరిన్ వైపు చూసింది. పిల్ల ఏడుస్తోంది. రామవ్వ ఫోన్‌లో "ఉంట బిడ్డా" అని పెట్టేసి లేచింది.

"పిల్లను లోపటికి తోలుకరా తమ్మీ. డబ్బ పక్కకే కూసుండి రాస్కోనియ్యి."

అంతే అంది. తప్పు చేసింది కాబట్టే నోరెత్తడం లేదని ఆశీర్వాదం అనుకున్నాడు.

రామవ్వ మంచం మీది బట్టలు తీసేసి, బల్ల జరిపి, కుర్చీ వేసి, ఫ్యాన్ పెట్టింది. డబ్బా లైట్లన్నీ పచ్చగా వెలుగుతున్నాయి. క్యాథరిన్ దాని పక్కనే ల్యాప్‌టాప్ తెరిచింది. అప్పుడూ ఏ పేరూ లేదు. పదకొండుకు ఇంకా ఇరవై నిమిషాలే ఉంది. ఆశీర్వాదం వంగి చూశాడు. పై వరసలో ఒక మీట మీద చిన్న విమానం బొమ్మ, దాని పక్కన సన్నని దీపం వెలుగుతోంది.

ఆయనకు పొద్దటి సంగతి గుర్తొచ్చింది. పొద్దున ప్రార్థనలో ఉండగా బల్ల మీది ల్యాప్‌టాప్ టింగుమంది. ఫోన్లకు నొక్కినట్టే దానికీ ఆయనే విమానం గుర్తు నొక్కాడు. దీనికీ ఆ బొమ్మ ఉందని మురిసిపోయాడు కూడా. ఆమెన్ అన్నాక ఫోన్లు తెరుచుకున్నారు గానీ ల్యాప్‌టాప్ ఎవరికీ గుర్తులేదు.

సిగ్గుతో చెవులు మండిపోయాయి. గుమ్మం దగ్గర బాలవ్వ వాళ్లు తొంగిచూస్తున్నారు. అప్పుడైనా నిజం చెప్పొచ్చు. ఆశీర్వాదం ఎడమ చేత్తో డబ్బా తీగ పట్టుకుని కదిలించి, ఎవరూ చూడకుండా కుడి చేత్తో ఆ మీట నొక్కాడు. పేర్లన్నీ గబగబా వచ్చేశాయి.

"డబ్బల తీగ లూజుండె" అన్నాడు.

"ఆశీర్వాదం చెయ్యి వడితే గట్లనే ఉంటది" అంది బాలవ్వ.

గంట పైగా అందరూ అరుగు మీదే కూర్చున్నారు. లోపల్నుంచి క్యాథరిన్ గొంతు మొదట బెరుకుగా, పోనుపోను నిబ్బరంగా వినిపిస్తోంది. రామవ్వ చాయ్ పెట్టి తెచ్చి ముందు ఆశీర్వాదానికే ఇచ్చింది. ఆయన తల ఎత్తకుండా తీసుకున్నాడు. బాయిలో ఎందరో కుర్రాళ్లకు పని నేర్పిన మనిషి, చర్చిలో అబద్ధమాడొద్దని పిల్లలకు చెప్పే మనిషి, ఆ చాయ్ ఒక్క గుక్క కూడా మింగలేకపోయాడు.

క్యాథరిన్ వెలిగిపోతూ బయటికొచ్చింది. "తీసుకుంటున్నమన్నరు బాపూ! అత్తా, మా బాపు మీ డబ్బ సరిజేయకుంటే ఏమయ్యేదో!"

రామవ్వ పిల్ల తల నిమిరి నవ్వింది. ఏదో ఒకటి అనాలని ఆశీర్వాదం, "ఇగ నెట్టు మంచిగున్నది గదా అక్కా, బాలలక్ష్మికి ఫోన్ చేసుకోరాదా" అన్నాడు.

"నెట్టు పొద్దటిసంది మంచిగనే ఉండె తమ్మీ" అంది రామవ్వ, ఆయనకు తప్ప ఎవరికీ వినబడనంత మెల్లగా. "నువ్వొచ్చినప్పుడు దాని మీదనే బిడ్డతోని మాట్లాడుతుంటి. ఆళ్ల షావుకారు శుక్రారం పొద్దున ఒక్క గంటనే ఫోన్ చేతికిస్తడు. ఆ గంట అయిపోయింది."

"మరి గప్పుడే ఎందుకు చెప్పలేదక్కా?"

"నువ్వింటివా? నీతోని వాదులాడుతుంటే పదకొండు దాటుతుండె. పిల్ల ఏడుస్తుండె."

ఆశీర్వాదం లేచి నిలబడ్డాడు. చాయ్ తొణికి చొక్కా మీద పడింది.

"డబ్బల ఏం లేకుండె" అన్నాడు బాలవ్వ వాళ్ల వైపు తిరిగి. "తీగ లూజు లేకుండె. పొద్దున ల్యాప్‌టాప్ నేనే బంద్ వెట్టి మరిసిన. ఎరికైనంక గూడ అబద్ధమాడిన. తప్పు నాది. అక్కను ఉత్తపుణ్యానికి అన్న."

క్యాథరిన్ తండ్రిని చూసి కళ్లు దించుకుంది. ఆ చూపు కన్నా వీధిలో పది మంది తిట్టినా బాగుండుననిపించింది ఆయనకు.

రామవ్వ ఆయన చేతిలోంచి కప్పు తీసుకుంది. ముఖంలో కోపం లేదు.

"పోనియ్యి తమ్మీ. పిల్లకు నౌకరొచ్చింది, సాలు" అంది. రెండడుగులు వేసి ఆగింది. "వచ్చే శుక్రారం మాత్రం గా యాళ్లకు నా ఇంటికి రాకు."

"రానక్కా" అన్నాడు ఆశీర్వాదం.