పొత్తిగుడ్డ మీద సంచి

మా అమ్మాయి పుట్టిన నెలకి మా మరిది సెలవు మీద వచ్చాడు. అతనిది మిలటరీ ఉద్యోగం, ఎక్కడో ఉత్తరాదిన మంచు పడే చోట. నేను పురిటికి కొవ్వూరులో మా పుట్టింట్లో ఉన్నాను. పిల్లని చూడటానికి వస్తూ అతనొక సంచి తెచ్చాడు. నీలం రంగు మీద తెల్ల కుందేళ్ళు. లోపల దూది పరిచి కుట్టారు. మెడ నుంచి పాదాల దాకా ముందువైపు జిప్పు, చేతులు బయటికి రావడానికి రెండు కంతలు. "దీన్ని స్లీపింగ్ బ్యాగ్ అంటారు వదినా. అక్కడ పసిపిల్లల్ని రాత్రిళ్ళు ఇందులోనే పడుకోబెడతారు" అన్నాడు. దుప్పటి కప్పక్కర్లేదట, పిల్లలు తన్నేసుకుంటారన్న బెంగ ఉండదట, గుడ్డ జారి మొహం మీద పడదట.

ఆ ఆఖరి మాట నాకు పట్టుకుంది. అంతకు నాలుగు రోజుల ముందే, తెల్లవారుజామున లేచి చూస్తే, అమ్మ చుట్టిన పొత్తిగుడ్డ వదులై పిల్ల ముక్కు మీదికి వచ్చేసి ఉంది. గబుక్కున లాగేశాను. ఏమీ కాలేదు. కానీ అప్పట్నుంచీ నాకు కంటి మీద కునుకు లేదు.

అమ్మకి చెబితే, "వదులుగా చుట్టానేమో, రేపట్నుంచి గట్టిగా చుడతాలే" అంది. ఆ గుడ్డల మీద ఆవిడకి ఉన్న మమకారం అంతా ఇంతా కాదు. నాకు నెల తప్పిందని తెలిసిన రోజు నుంచీ తన పాత నేతచీరలు, నాన్నగారి పాత పంచెలు ఏరి, చించి, ఉడకబెట్టి, ఎండేసి పెట్టెలో దాచింది. కొత్త గుడ్డ పసిఒంటికి గరుకు, ఏళ్ళ తరబడి ఉతుకులు తిన్న గుడ్డే మెత్తన. పిల్లకి నీళ్ళు పోసి, సాంబ్రాణి పొగ వేసి, ఆ గుడ్డలో చేతులతో సహా బిగించి చుట్టేది. చేతులు వదిలేస్తే పిల్లలు నిద్రలో ఉలిక్కిపడతారని ఆవిడ అనుభవం. నలుగురు పిల్లల్ని అలాగే పెంచింది, అందులో నేనూ ఒకదాన్ని. కాబట్టి ఆవిడ పద్ధతి తప్పని నేను గట్టిగా అనడానికీ లేదు.

అయినా అన్నాను. నా నోరు ఆగే నోరు కాదు.

"ఈ రోజు నుంచి పిల్ల ఇందులోనే పడుకుంటుంది" అని సంచి చూపించాను.

అమ్మ దాన్ని తిప్పి తిప్పి చూసింది. "ఇదేంటే, పిల్లని బస్తాలో వేసి మూతి కడతావా? జిప్పు వేసేస్తే దానికి ఊపిరెలా ఆడుతుంది?"

"తల బయటే ఉంటుందమ్మా."

"మరి చేతులో?"

"అవీ బయటే."

"చేతులు బయట పెట్టి ఒళ్ళు మూస్తారా! ఈ చలిలో!"

పక్కింటావిడ బాలింతని చూసే వంకతో వచ్చి, సంచిని చూసి కిసుక్కున నవ్వింది. "ఎరువుల బస్తాలా ఉందేంటండీ! పిల్లని తూకం వేసి పంపుతారా ఏంటి?" అంది. అమ్మ కూడా నవ్వింది. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది. ఆవిడ వెళ్ళాక, "నా పిల్ల, నా ఇష్టం" అనేశాను. ఆ మాటకి అమ్మ మొహం చిన్నబోయింది. పెట్టె మూసేసి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

రెండు రోజులు ఇంట్లో ఇదే గొడవ. మూడో రోజు నాన్నగారు కలగజేసుకున్నారు. ఆయన ఊళ్ళో చిన్నా చితకా తగువులు తీర్చే మనిషి. పొలం గట్టు తగువైనా, అన్నదమ్ముల పంపకమైనా ఆయన తీర్పు ఒకటే: చెరి సగం. మాకూ అదే చెప్పారు.

"లోపల మీ అమ్మ గుడ్డ, పైన మీ మరిది సంచి. ఇద్దరి మాటా చెల్లినట్టే. ఇంక మీరిద్దరూ నోరెత్తకండి" అన్నారు.

హమ్మయ్య అనుకున్నాం. సంచి లోపల ఉన్న గుడ్డ మొహం మీదికి జారదు కాబట్టి నేను నెగ్గినట్టే. గుడ్డ ఉంది కాబట్టి అమ్మా నెగ్గినట్టే. ఇంత చక్కటి తీర్పు ఇచ్చినందుకు నాన్నగారు ఆ సాయంత్రం రెండోసారి కాఫీ అడిగి పుచ్చుకున్నారు. అందులో పడుకోవలసింది పిల్ల కదా, దానికెలా ఉంటుందని ముగ్గురిలో ఒక్కరికీ తట్టలేదు. చదువుకున్న వాళ్ళమే, ముగ్గురమూ.

ఆ సాయంత్రం నీళ్ళు పోశాక అమ్మ పిల్లకి జుబ్బా తొడిగింది. దాని మీద ఉన్ని స్వెట్టరు, కాళ్ళకి మేజోళ్ళు, తలకి టోపీ. ఆ పైన పొత్తిగుడ్డ రెండు చుట్లు. అప్పుడు నేను సంచిలో దింపి జిప్పు వేశాను. చేతులు గుడ్డలో ఉండిపోవడంతో సంచి కంతలు ఖాళీగా తెరుచుకుని ఉన్నాయి. వాటిలోంచి చలిగాలి దూరుతుందని అమ్మ రెండు గుడ్డముక్కలు ఉండ చుట్టి కుక్కింది. "ఇంక చాల్లే అమ్మా" అన్నాను. "చాలో చాలదో నాకు తెలుసు" అంది. బాలింత గది కాబట్టి కిటికీలు ఎటూ మూసే ఉన్నాయి.

ఇంతకీ మా చలి ఎంత? ధనుర్మాసంలో గోదావరి మీంచి వచ్చే గాలికి పొద్దున్నే మగవాళ్ళు మఫ్లర్లు చుట్టుకుని తిరుగుతారు, ఎనిమిదయ్యేసరికి తీసి భుజాన వేసుకుంటారు. అంతే. ఆ సంచి కుట్టింది మంచు పడే ఊళ్ళ కోసం.

రాత్రి ఏ ఒంటిగంటకో పిల్ల మూలిగింది. ఏడుపు కాదు, పిల్లికూనలా సన్నటి గొంతు. చెయ్యి వేసి చూస్తే నుదురు వెచ్చగా ఉంది, టోపీ అంచు తడిగా ఉంది. నా చెయ్యి జిప్పు దాకా వెళ్ళింది. తీస్తే మళ్ళీ వెయ్యాలి, ఆ చప్పుడుకి పక్కగదిలో అమ్మ లేస్తుంది. తెల్లారి "చూశావా నీ సంచి!" అంటుంది. ఆ మాట వినడం నాకు ఇష్టం లేదు. పిల్ల ఇంకాసేపు మూలిగి ఊరుకుంది. నిద్రపోయిందనుకున్నాను. అలా అనుకోవడం నాకు సుఖంగా ఉంది.

పొద్దున పిల్ల పాలు తాగలేదు. మొహం జేవురించింది, మెడ తోటకూర కాడలా వాలిపోతోంది. "అయ్యో అయ్యో, ఒళ్ళు కాలిపోతోందే!" అంటూ అమ్మ బావురుమంది. జ్వరమే అనుకున్నాం. జ్వరానికి గాలి తగలకూడదు కదా, సంచితో సహా పిల్లని ఒక రగ్గులో చుట్టి, ట్యాక్సీ పిలిచి, బ్రిడ్జి దాటి రాజమండ్రిలో పిల్లల డాక్టరు గారి దగ్గరికి పరిగెత్తాం. బ్రిడ్జి మీద గాలి ఎక్కువని అద్దాలు కూడా ఎత్తేశాం.

డాక్టరు గారు పిల్లని బల్ల మీద పెట్టించుకుని విప్పడం మొదలుపెట్టారు. రగ్గు తీశారు. జిప్పు లాగారు. గుడ్డ ఒక చుట్టు, రెండో చుట్టు. స్వెట్టరు, టోపీ, మేజోళ్ళు. నర్సు ఒక్కొక్కటీ అందుకుని కుర్చీలో వేస్తోంది, కుర్చీ నిండిపోయింది. లోపల జుబ్బా పిండితే నీళ్ళు కారేలా ఉంది. ఆయన దాన్నీ తీయించి, ఫ్యాను వెయ్యమన్నారు.

"ఫ్యానా బాబూ!" అంది అమ్మ.

"ఫ్యానేనండి" అన్నారు ఆయన.

తడిగుడ్డతో ఒళ్ళు తుడిపించారు. ఆ అరగంటా పిల్ల పొట్ట కేసి చూస్తూ నించున్నాను, అది పైకీ కిందికీ కదులుతోందా లేదా అని. పోతుందేమో అనుకున్నాను. ఆ మాట మనసులోకి వచ్చాక ఇంకేమీ రాలేదు. చివరికి పిల్ల గుప్పిట నోట్లో పెట్టుకుంది. పెద్దగా ఏడ్చింది. ఎత్తుకుంటే ఆబగా పాలు తాగింది.

మధ్యాహ్నం దాకా ఉంచుకుని, రెండుసార్లు జ్వరం చూసి, "జ్వరం కాదండి. ఉడికిపోయింది" అన్నారు డాక్టరు గారు. సంచిని వేళ్ళతో నలిపి చూశారు. "ఇది చెడ్డదేం కాదమ్మా. మన చలికి కాస్త మందం. బాగా చలిగా ఉన్న రోజున వేసుకోవచ్చు, లోపల పల్చటి జుబ్బా ఒక్కటీ ఉంచి. చేతులు బయటే ఉండాలి, టోపీ వద్దు. మెడ వెనక చెయ్యి పెడితే చెమట తగిలిందా, వెంటనే తీసేయండి. సంచి వేస్తే గుడ్డ చుట్టొద్దు. రెండూ కలిపితే ఇదిగో, ఇలాగే అవుతుంది." తర్వాత నా వైపు తిరిగి అడిగారు. "ఇంత ఉక్కలో రాత్రంతా ఉంటే పిల్ల ఏడవలేదా? మీకెవరికీ మెలకువ రాలేదా?"

"లేదండీ" అన్నాను.

అమ్మ కుర్చీలోని గుడ్డలు ఏరి మడతపెట్టడం మొదలుపెట్టింది.

తిరుగు ప్రయాణంలో పిల్ల ఒంటి మీద పల్చటి జుబ్బా ఒక్కటే. ఈసారి అద్దాలు దించాం. బ్రిడ్జి సగం దాటాక అమ్మ పిల్ల పాదం పట్టుకుని ఏడవడం మొదలుపెట్టింది.

"నాకు వినిపించిందే. ఒంటిగంటప్పుడు పిల్ల మూలిగింది. లేచి కూర్చున్నాను కూడా. వచ్చి ముట్టుకుంటే నా పిల్ల, నా ఇష్టం అంటావని రాలేదు. నువ్వు పాపం ఒళ్ళెరగని నిద్రలో ఉన్నావు. నేనైనా వచ్చి నిన్ను లేపాల్సింది. నాదే తప్పు" అంది.

నేను బయటికి చూస్తూ కూర్చున్నాను. నేనూ మేలుకునే ఉన్నానమ్మా అని ఒక్క మాట అంటే సరిపోయేది. ఇల్లు వచ్చేదాకా అనలేదు. మర్నాటి నుంచి ఇంటికి ఎవరొచ్చినా అమ్మ తనే ఆ మాట ఎత్తి, "నా చాదస్తంతో పిల్లని చంపుకునేదాన్నండీ, తల్లి నిద్రలో ఉంది, దానికేం తెలుసు" అని చెప్పుకునేది. వాళ్ళు అమ్మని మెత్తగా మందలించి వెళ్ళేవారు. నేను పక్కనే కూర్చుని పిల్లకి పాలిస్తూ ఆ మాటలన్నీ విన్నాను, ఒక్కసారి కూడా అడ్డు చెప్పలేదు.