ప్రేమ్‌రాజ్ బిగించిన ఇనుప తీగలు

దబీర్‌పురా స్టేషన్ పక్కన తన డాబా మీద కూర్చుని ప్రేమ్‌రాజ్ గిటారు వాయిస్తే రైలు ఆగిపోయింది. ఒకటీ రెండూ కాదు, పదకొండు నిమిషాలు. ఇంజను కూడా గుర్రుమనడం మానేసి విన్నది. సరే, ఆ పూట సిగ్నల్ ఎర్రగా ఉన్నమాట నిజమే. అది కరెంటు రైలు కాబట్టి గుర్రుమనే ఇంజనే లేదన్నదీ నిజమే. కానీ ఆయన వాయించడమూ, రైలు ఆగడమూ ఒకే సమయంలో జరిగాయి. అంతవరకు ఒప్పుకోక తప్పదు.

ప్రేమ్‌రాజ్ కరెంటు డిపార్ట్‌మెంటులో ముప్పై నాలుగేళ్లు లైన్‌మన్‌గా చేసి రిటైరైనవాడు. ఆదివారాలు చర్చిలో గిటారు వాయిస్తాడు. చిన్న ప్లాస్టిక్ బిళ్ళ వేళ్ల మధ్య పట్టుకుని, తనకు వచ్చిన మూడు కార్డ్స్‌తోనే, అంటే మూడు స్వరాల గుత్తులతోనే, పాటలన్నీ లాగించేస్తాడు. అందుకు ఎవరికీ అభ్యంతరం లేదు. చిక్కంతా ఆయన నోటితోనే. "ఆ దినాలల్ల పెద్ద హోటల్ల జాజ్ వాయించిన నేను, ఉత్త వేళ్లతోని" అని అడిగినవాళ్లకూ, అడగనివాళ్లకూ చెప్పుకుంటూ వచ్చాడు.

ఉస్మాన్‌గంజ్‌లో బెల్లం హోల్‌సేల్ చేసే అమరనాథ్ ఆ మాట నమ్మాడు. దుకాణంలో మీటరు కాలినప్పుడల్లా పరుగెత్తుకొచ్చిన మనిషి అబద్ధం ఎందుకు చెబుతాడు? అమరనాథ్ మనవరాలు కీర్తిప్రియ డిగ్రీ రెండో ఏడు చదువుతోంది. ఫోనులో చూసి చూసి ఆ పిల్లకు, బిళ్ళ లేకుండా ఉత్త వేళ్లతో మీటే ఫింగర్‌స్టైల్ జాజ్ మీద పిచ్చి పుట్టింది.

"కొనిస్త గని, ప్రేమ్‌రాజ్ చూసి సరే అన్నదే కొనిస్త" అన్నాడు తాత.

అట్లా ముగ్గురూ నయాపూల్ దగ్గర రవీందర్ దుకాణానికి వెళ్లారు. రవీందర్ హార్మోనియాలు, డోలక్‌లు, గిటార్లు అమ్ముతాడు, బాగుచేస్తాడు కూడా. రెండు గిటార్లు తీసి పిల్ల ముందు పెట్టాడు. ఒకటి పెద్ద పొట్టది, ఇనుప తీగలు. రెండోది చిన్నది, వెడల్పాటి మెడ, నైలాన్ తీగలు.

"గట్టిగ కాదమ్మా, మెల్లగ మీటు" అన్నాడు రవీందర్. "మెల్లగ మీటితె ముద్దలెక్క వినొస్తదా, ఏ తీగకు ఆ తీగ వినొస్తదా, గది చూడాలె. నీ బొటనవేలు లావు తీగల మీద బేస్ నడిపిస్తుంటె మిగిలిన వేళ్లు పాట పాడాలె. తీగల నడుమ జాగ లేకుంటె వేళ్లు గుద్దుకుంటయి."

పెద్ద గిటారు మోత దుకాణమంతా నిండింది కానీ స్వరాలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి. చిన్నదాంట్లో ఆరు తీగలు ఆరుగురు మనుషుల్లా విడివిడిగా పలికాయి. కీర్తిప్రియ దాన్ని ఒళ్లోంచి కిందికి దించలేదు.

"ఏమంటవ్ ప్రేమ్‌రాజ్?" అన్నాడు అమరనాథ్.

ప్రేమ్‌రాజ్‌కు రవీందర్ మాటల్లో సగం అర్థం కాలేదు. గిటారు వీపు మీద పుచ్చకాయను తట్టినట్టు తట్టాడు. "చెక్క మంచిదే."

"జర వాయించి చూపియ్యుండ్రి ఉస్తాద్" అన్నాడు రవీందర్.

"ఇయ్యాల చెయ్యి నొస్తుంది" అన్నాడు ప్రేమ్‌రాజ్. చెవులు వేడెక్కాయి. ఎప్పుడు బయటపడదామా అని వాకిలి వైపు చూస్తున్న సమయంలోనే రవీందర్ ఇంకో మాట చెప్పాడు. "కొత్త నైలాన్ తీగలు వారం దినాలు సాగుతనే ఉంటయి, శ్రుతి నిలవది. ఫికర్ చెయ్యొద్దని పాపకు చెప్పుండ్రి."

"గా మాత్రం నాకు తెల్వదా" అన్నాడు ప్రేమ్‌రాజ్, వినకుండానే.

కొన్న మూడు రోజులకు కీర్తిప్రియ ఆ చిన్న గిటారు పట్టుకుని దబీర్‌పురా వచ్చింది. "తాతా, పొద్దుగాల శ్రుతి చేస్తె పగటికల్ల దిగిపోతుంది."

ప్రేమ్‌రాజ్ తీగను వేలితో నొక్కి చూశాడు. సాగింది. స్తంభాల మధ్య వైరు సాగితే ఏం చెయ్యాలో ఆయనకు తెలియంది కాదు. దాన్ని పీకి గట్టి వైరు బిగించాలి, అంతే. "ప్లాస్టిక్ తీగలేందమ్మా, చేపలు పట్టనీకా?" అంటూ చర్చి గిటారు కోసం దాచుకున్న ఇనుప తీగల జత తీశాడు. కొసలను కటింగ్ ప్లయరుతో కత్తిరించి, కిర్రుమనేదాకా బిగించాడు. పిల్ల సందేహంగా చూసింది. పెద్దాయన కదా అని ఊరుకుంది.

నైలాన్ తీగల కోసం చేసిన గిటారు ఇనుప తీగల లాగుడుకు తట్టుకోదు. నాలుగోనాడు పగటిపూట పిల్ల వాయిస్తుండగానే, తీగలు కట్టే చెక్కపట్టీ ఫట్‌మని ఊడొచ్చింది. తీగ కొస ఆమె మణికట్టు మీద ఎర్రటి గీత గీసింది.

పుచ్చిపోయిన సామాను అంటగట్టాడని అమరనాథ్ రవీందర్ మీదికి లొల్లికి బయల్దేరాడు. సాక్ష్యానికి ప్రేమ్‌రాజ్‌ను వెంటబెట్టుకున్నాడు. కీర్తిప్రియ కూడా వచ్చింది. రవీందర్ అమరనాథ్ తిట్లన్నీ వింటూ, అందరికీ చాయ్ చెప్పి, గిటారు సంచి తెరిచాడు. ఇనుప తీగలు చూడగానే ఆయన చెయ్యి ఆగింది.

"ఇవి ఎవలు ఏసిన్రు?"

ప్రేమ్‌రాజ్ చాయ్ గ్లాసు అందుకుని అందులోకే చూశాడు. కీర్తిప్రియ ఆయన మొహంలోకి ఒక్కసారి చూసి, తల దించుకుంది.

"నేనే మార్చిన" అన్నది.

"నువ్వా? తెలివి ఉన్నదా నీకు?" అమరనాథ్ కోపం అటు తిరిగింది. "నలుగుట్ల నా ఇజ్జత్ తీసినవ్. ఇగ గిటారు లేదు, గిటీరు లేదు. పా ఇంటికి!"

ప్రేమ్‌రాజ్ చేతిలో చాయ్ ఉంది. ఏం చెయ్యాలో తోచక తాగాడు. అంతా తాగాడు. వెళ్లేటప్పుడు రవీందర్ "మంచిది ఉస్తాద్" అన్నాడు, ఎంతో మర్యాదగా.

ఆ ఆదివారం కడుపునొప్పి అని చెప్పి ప్రేమ్‌రాజ్ చర్చికి వెళ్లలేదు. భార్య లీలమ్మ వాము నీళ్లు తెచ్చి ముందు పెట్టి, ఎదురుగా కూర్చుంది. "కడుపుల నొప్పా, ఇంకేడనన్ననా?" అన్నది. ఆయన చెప్పేశాడు. లీలమ్మ తిట్టలేదు. "గా పోరి నీకేమైతదయ్యా, నీ తప్పు మీదేసుకొనీకి?" అని లేచిపోయింది. తిట్టినా బాగుండేది.

సోమవారం ప్రేమ్‌రాజ్ ఉస్మాన్‌గంజ్ వెళ్లాడు. అమరనాథ్ గద్దె మీద ఉన్నాడు. చుట్టూ హమాలీలు బెల్లం బుట్టలు దించుతున్నారు. పక్కకు పిలిచి చెబుదామనుకున్నాడు కానీ పక్కకు వెళితే ధైర్యం పోతుందనిపించింది.

"సేట్, గా తీగలు ఏసింది నేను. పాప నా ఇజ్జత్ కాపాడనీకి అబద్ధం ఆడింది."

అమరనాథ్ లెక్కల పుస్తకం మూశాడు. "మరి నువ్వు ఆడ నిలబడి చాయ్ తాగినవ్ గద?"

"తాగిన."

"హోటల్ల జాజ్ వాయించినోనికి ఏ తీగ ఏడ ఎయ్యాల్నో తెల్వదా?"

"వాయించలే సేట్. ఆడ ఫ్యూజు పోతె ఎయ్యనీకి పోయిన. పది నిమిషాల పని. నాలుగు గంటలు నిచ్చెన మీదనే ఉన్న."

హమాలీలు పగలబడి నవ్వారు. అమరనాథ్ నవ్వలేదు. "నాలుగు గంటలు ఏం చేసినవ్?"

"విన్న."

అమరనాథ్ చెప్పులు వేసుకున్నాడు. "పా. గీ మాట రవీందర్ ముంగట చెప్పు. పోరి ముంగట చెప్పు."

రెండుచోట్లా చెప్పాడు. రవీందర్ చెక్కపట్టీని జిగురు పెట్టి అతికించి రెండు రోజులు బిగించి ఉంచాడు. నైలాన్ తీగలు మాత్రం తాను కట్టనన్నాడు. దుకాణం నిండా గిరాకీ ఉన్న సమయంలో ప్రేమ్‌రాజ్‌ను స్టూలు మీద కూర్చోబెట్టి ఆరు ముళ్లూ ఆయనతోనే వేయించాడు. రెండు జారాయి. మళ్లీ వేయించాడు.

కీర్తిప్రియ గిటారు తీసుకుని శ్రుతి చేసింది. "తాతా, నిచ్చెన మీద విన్నది యాదికున్నదా? జర అను."

ప్రేమ్‌రాజ్ నేలకేసి చూస్తూ గొంతులోనే కూనిరాగం తీశాడు. ఆమె బొటనవేలు బేస్ పట్టుకుంది, మిగిలిన వేళ్లు ఆయన వెనకే వెతుక్కుంటూ నడిచాయి. పాట అయిపోయిన తర్వాత కూడా ఆయన తల ఎత్తలేదు.

ఈ సంగతి ఎవరు అడిగినా ప్రేమ్‌రాజ్ ఒక్కటే చెబుతాడు. "ఉత్త ముచ్చట. సేట్ మనవరాలికి గిటారున్న సంగతే నాకు తెల్వది. నయాపూల్ దిక్కు పోక పదేండ్లాయె."