వదిన అడిగింది వచ్చింది

నా దగ్గర రెండు కబుర్లున్నాయి. ఒకటి ఊరంతా చాటాను. రెండోది ఇన్నేళ్ళుగా గుండె మీద రుబ్బురోలులా కూర్చుంది. నేనెవరో మీకు తెలియదు, మీరెవరో నాకు తెలియదు. అదే ధైర్యం. మీకు చెబుతాను.

ముందు మొదటిది చెప్పనివ్వండి, లేకపోతే ఆగలేను. డిగ్రీ పాసయ్యాను. టెక్కలి కాలేజీలో బీఎస్సీ, ఫస్టు క్లాసు. మా వీధిలో వల లాగినవాళ్ళున్నారు, పడవెక్కినవాళ్ళున్నారు, ఎండుచేపల గంపలు మోసినవాళ్ళున్నారు, డిగ్రీ చదివినవాడు మాత్రం ఇంతవరకూ లేడు. మార్కుల కాగితాన్ని అమ్మ తలకిందులుగా పట్టుకుని పక్కింటావిడకి చూపించింది. నేను సరిచెయ్యలేదు. ఆ మురిపెంలో ఉండగానే ఇంకో మాట కూడా అనేశాను. ఆదివారం బారువ సముద్రంలో బాప్తిస్మం తీసుకుంటున్నానని. అమ్మ నవ్వు సగంలో ఆగింది.

“పాసైనావు గదా. ఏటన్నా సేసుకో” అంది.

దేవుడు లేడని మా రేవులో పడవ పడవకీ చెప్పుకుంటూ తిరిగినవాణ్ణి నేను. అలాంటివాడికి నమ్మకం ఎక్కణ్ణుంచి వచ్చింది? పాస్టరుగారు అదే చెప్పమన్నారు. నీళ్ళలోకి దిగే ముందు అందరి ఎదుటా నిలబడి సాక్ష్యం చెప్పాలి, ఎలాంటివాణ్ణి ఎలా మారానో. ఏం చెప్పాలా అని ఆలోచించుకుంటే తెలిసింది, అసలు సంగతి తీసేస్తే నా సాక్ష్యంలో మిగిలేది అబద్ధమేనని.

అసలు సంగతి ఇది.

నేను ఇంటర్లో చేరిన ఏడు, వానలు పట్టిన రోజుల్లో, మా అన్న వేటకెళ్ళి తిరిగి రాలేదు. పడవ బోర్లాపడి దొరికింది. తోడెళ్ళినవాడు ఈదుకొచ్చాడు. అన్న రాలేదు. శవమూ రాలేదు.

మా ఊళ్ళో ఒక కట్టుబాటు ఉంది. సముద్రంలో పోయినవాడి ఒంటి మీది వస్తువు ఏదైనా, చొక్కా ముక్కైనా సరే, ఒడ్డుకొస్తే దాన్నే మనిషి కింద లెక్కేసి కర్మ చేస్తారు. ఏదీ రాకపోతే కర్మ లేదు. కర్మ జరగకపోతే ఆ ఇల్లాలు ముత్తైదువా కాదు, విధవా కాదు. సముద్రంతో తగువు తెగని మనిషి. అలాంటి మనిషి పెద్దవల తాడు ముట్టుకోకూడదు. పెద్దవలంటే ఊరంతా ఒడ్డున నిలబడి కలిసి లాగే వల. తాడు మీద చెయ్యి వేసిన ప్రతివాళ్ళకీ చేపల్లో పాలు వస్తుంది. చెయ్యి వెయ్యనివాళ్ళకి లేదు. ఆ వల యజమాని వరసకి నాకు మావ. ఆయన మా వదినని తాడు దగ్గర్నుంచి పంపేశాడు.

“తేలేదాకా ఆగమ్మా” అన్నాడు. మెత్తగానే అన్నాడు.

వదిన పుట్టింటివాళ్ళు ప్రార్థనకి వెళ్ళేవాళ్ళు. మా ఇంటికొచ్చాక కూడా ఆమె మానలేదు. అన్న మొలతాడుకి అమ్మ కట్టిన గంగమ్మ తాయెత్తు ఉండేది. పెళ్ళయ్యాక దాని పక్కనే వదిన చిన్న ఇత్తడి సిలువ కట్టింది. అన్న రెండూ ఉంచుకున్నాడు. “అమ్మది తీత్తే కూడు నేదు, దీనిది తీత్తే నిద్ర నేదు” అని నవ్వేవాడు. అతను పోయాక అమ్మ ఆ సిలువే తన కొడుకుని మింగిందని తేల్చేసింది. రోజూ అనేది. వదిన వినేది. పొద్దు వాలేసరికి ఒడ్డుకెళ్ళి ఇసకలో మోకాళ్ళు వేసేది.

అప్పుడు నాకు అన్నీ తెలుసు. గంగమ్మ లేదు, యేసు లేడు, ఉన్నవి గాలీ అలలూ. అన్నని ఏ దేవుడూ కాపాడలేదన్న కోపం ఉంది, అది నిజం. కానీ ఆ కోపం తీర్చుకోవడానికి నాకు దేవుడు దొరకలేదు. వదిన దొరికింది.

ఒకరోజు ఆమె వెనకే వెళ్ళి నిలబడ్డాను.

“రోజూ ఏటడుగుతన్నావు వదినా?”

“మీయన్నది ఏదో ఒకటి ఒడ్డుకి పంపమని.”

“మనిషినే ఉంచనోడు గుడ్డముక్క పంపుతాడా? మీ యేసుబాబు కొరియర్ ఎట్టినాడేటి?”

ఆమె కళ్ళు తెరవలేదు. “పంపితే?”

“పంపితే నీ పక్కన నానూ మోకాళ్ళేత్తాను.”

అప్పుడు నవ్వింది. అన్న పోయాక ఆమె నవ్వడం అదే మొదలు. “నువ్వా. నీకు మోకాళ్ళు వొంగవురా సిన్నోడా, సదువెక్కి బిగిసిపోనాయి.”

“సూద్దారి. పంపమను.”

“అడుగుతాను. నీ పేరెట్టి మరీ అడుగుతాను.”

దొరికింది నాకే.

ఆ వారంలోనే. ఊరికి ఉత్తరాన గెడ్డ నీళ్ళు సముద్రంలో కలిసేచోట. నేను ఎప్పుడూ వెళ్ళని వైపు అది. ఆరోజు ఎందుకు వెళ్ళాను? ఒడ్డున వల లాగేవాళ్ళ పరామర్శలు పడక వెళ్ళాను, అంతే. నాచులో చిక్కుకున్న వలముక్క ఒకటి కనిపించింది. దాంట్లో ఖాకీ నిక్కరు. నిక్కరుని పట్టుకుని నల్ల మొలతాడు. తాయెత్తు ఉంది. సిలువ కూడా ఉంది, పచ్చగా చిలుమెక్కి.

ఏడ్చాననుకుంటున్నారా? నాకు మొదట తోచిందేమిటో చెబుతాను. పందెం ఓడిపోయాను. అదే తోచింది. ప్రార్థన పాకలో వదిన చేతులెత్తి నిలబడి ఉంటుంది, ఆడవాళ్ళంతా స్తోత్రం స్తోత్రం అంటూ ఉంటారు, వాళ్ళ మధ్య నేను మోకాళ్ళ మీద ఉంటాను, బయటినుంచి నా ఈడువాళ్ళు తొంగి చూసి పళ్ళికిలిస్తుంటారు. అన్న నా చేతుల్లో ఉంటే నాకు కనబడింది నా పరువు.

మొగలి పొదల కింద గొయ్యి తీశాను. మోకాళ్ళ మీద కూర్చునే తవ్వాను. ఆ సంగతి అప్పుడు నాకు తట్టలేదు. పాతేసి, ఇసక చదును చేసి, కాళ్ళు కడుక్కుని ఇంటికెళ్ళాను.

ఇంతవరకైతే పిల్లతనం అని మీరు సర్దుకోవచ్చు. తరవాతది పిల్లతనం కాదు.

మర్నాటి నుంచి రోజూ అడిగేవాణ్ణి, “పోస్టొచ్చిందా వదినా?” అని. రాదని నాకు తెలుసు. వచ్చిందని నాకు తెలుసు. ఆమె తల అడ్డంగా ఊపేది. నేను పెద్దవల తాడు పట్టుకుని లాగి, నా పాలు చేపలు తాటాకు బుట్టలో తెచ్చి ఆమె ముందే పెట్టేవాణ్ణి. అమ్మ పులుసు కాచేది. అందరం తిన్నాక అడుగున మిగిలింది వదినకి. వల లాగేటప్పుడు ఆమె దూరంగా నిలబడి చూసేది. ఒకసారి గమనించాను, మేం పాట పెట్టి తాడు గుంజినప్పుడల్లా ఆమె ఖాళీ చేతులు బిగుసుకుని మళ్ళీ విచ్చుకుంటున్నాయి. అది చూసి నేను ఇంకాస్త గట్టిగా గుంజాను.

నాకు బాగుండేది. ఈ మాట రాయడానికే ఇంత దూరం వచ్చాను. నాకు బాగుండేది. ఊళ్ళో ఎవరికీ తెలియనిది నాకు తెలుసు, ఒక మనిషి బతుకు నా నోట్లో ఉంది, నోరు మూసుకుని కూర్చుంటే చాలు, నేనింకేమీ చెయ్యకుండానే దేవుడు రోజూ ఓడిపోతుంటాడు. ఒక్క మాట చెబితే ఆమెకి అన్న దక్కేవాడు, కర్మ దక్కేది, తాడు దక్కేది. ఏడవడానికి ఒక రోజంటూ దక్కేది. చెప్పలేదు.

కొన్నాళ్ళకి ఆమె ఒడ్డుకెళ్ళడం మానేసింది. “ఏటి, ఇయ్యాల పార్దన నేదా?” అన్నాను. “ఎవులికి సెయ్యాల?” అంది.

గెలిచాను. ఆరోజు అన్నం బాగా తిన్నాను.

ఆ తరవాత వదిన పలాస వెళ్ళిపోయి జీడిపప్పు ఫ్యాక్టరీలో పనికి కుదిరింది. పిక్కలు కొట్టే పని. జీడి చమురుకి వేళ్ళు నల్లబడి తోలు ఊడుతుంది. పలాసలో చర్చి గడప కూడా తొక్కలేదని విన్నాను. విని ఊరుకున్నాను.

మరి నాకు నమ్మకం ఎలా వచ్చింది? వెలుగులా రాలేదు. దొంగని వెతుక్కుంటూ వచ్చిన పోలీసులా వచ్చింది.

టెక్కలి హాస్టల్లో దేవుడి మీద వాదన పడితే అందరికంటే నా గొంతే పెద్దది. ఒకసారి అలాగే వాదిస్తూ, “ఒక్క ప్రార్థనకి, ఒక్కటంటే ఒక్కదానికి, జవాబొచ్చినట్టు చూసినవాడు ఎవడైనా ఉంటే...” అని మొదలుపెట్టాను. ఆ వాక్యం పూర్తి కాలేదు. చూసినవాణ్ణి నేనే. ప్రపంచం మొత్తంలో నేనొక్కణ్ణే. వాళ్ళు నవ్వారు, నేను ఓడిపోయాననుకున్నారు.

నాతో నేను చాలా వాదించుకున్నాను. వానల్లో ఒడ్డు వెంబడి నీటి వాలు ఉత్తరానికే, ఏది పోయినా ఆ గెడ్డ మొగలోకే కొట్టుకొస్తుంది. సరే, నిక్కరుని నీళ్ళు తెచ్చాయి. నన్నెవరు తెచ్చారు? నా పేరు పెట్టి అడుగుతానంది కదా. అడిగినట్టే నా చేతికే ఇచ్చాడా? ఇచ్చి, నేనేం చేస్తానో చూస్తూ కూర్చున్నాడా? ఇవన్నీ మనసు గారడీలే అని కొన్నాళ్ళు, కాదని కొన్నాళ్ళు. సెలవులకి ఊరొచ్చినప్పుడు తవ్వి తీద్దామని వెళ్ళాను. తుఫానుకి ఒడ్డు కోసుకుపోయింది. మొగలి పొదలే లేవు.

టెక్కలిలో నన్నెవరూ ఎరగరు కాబట్టి అక్కడి చర్చిలో వెనకాల చాప చివర కూర్చోవడం మొదలుపెట్టాను. నా పక్కన ఒక ముసలాయన కూర్చునేవాడు. ఉద్దానం మనిషి, కిడ్నీలు పోయి డయాలసిస్ మీద ఉన్నాడు. గట్టిగా చప్పట్లు కొడుతూ పాడేవాడు. ఒకరోజు, ఈయన్ని చూసి నవ్వడానికి ఏదో ఒకటి దొరక్కపోతుందా అని వెతికాను. దొరకలేదు. ఆరోజు నేను చేసిన మొదటి ప్రార్థన ఇది: నువ్వు లేకపోతే బాగుండును. ఉంటే మాత్రం, నేను చేసింది నువ్వు చూశావు.

అలా మొదలైంది. ఇప్పుడు నమ్ముతున్నాను. నిజంగానే నమ్ముతున్నాను, పొద్దున్నే లేస్తే నోట్లో పాట ఉంటోంది. ఆ సంతోషం చూసి నాకే భయం వేస్తోంది. ఎందుకంటే అది వదినది. ఆమె అడిగిన జవాబు పట్టుకుని నేను విశ్వాసినయ్యాను. ఆ జవాబు రాలేదని ఆమె వదిలేసింది. ఇంతకంటే నీచమైన దొంగతనం మీరెక్కడైనా విన్నారా?

అందుకని నిన్న మిఠాయి పొట్లం పట్టుకుని పలాస వెళ్ళాను. మధ్యాహ్నం భోజనాల వేళ ఫ్యాక్టరీ గేటు దగ్గరికి వదిన వచ్చింది. చేతులు కొంగుకి తుడుచుకుంటూ, దూరం నుంచే నవ్వుతూ.

“పాసైనావంట గదరా. మీయమ్మే ఫోన్ సేసింది. నాతో మాటాడి ఎన్నాళ్ళయిందో, ఈ కబురు కోసం మాటాడింది.”

పొట్లం ఇచ్చాను. విప్పబోతుంటే ఆపి, మొత్తం చెప్పాను. గెడ్డ దగ్గర నుంచి మొగలి పొదల దాకా. పోస్టు సంగతి తనకి తెలిసిందే, అయినా అదీ చెప్పాను.

ఆమె అరవలేదు. పొట్లం గేటు దిమ్మ మీద పెట్టి అడిగింది.

“సిలువుందా దానికి?”

“ఉంది.”

“మీయమ్మ తాయెత్తు?”

“అదీ ఉంది.”

“రెండూ ఉంచుకునే పోనాడు” అంది, నాతో కాదు. గేటు ఊచ పట్టుకుంది. నల్లబడ్డ వేళ్ళు. “దేవుడు నేడనుకుని బతకడం నేర్సుకున్నాన్రా. అది నేర్సుకోడానికి ఎంత కట్టపడ్డానో నీకు తెల్దు. ఇప్పుడొచ్చి ఉన్నాడంటన్నావు. ఇంక ఆడితో కూడా దెబ్బలాడాల నాను.”

“వదినా...”

“ఆదివారం నానొస్తానని సూడకు. పాస్టరుగారికి మాత్రం నా మాటగా సెప్పు. నిన్ను ఎక్కువసేపు ముంచమను.”

నవ్వుతూ అనలేదు. లోపల బెల్లు కొట్టారు, వెళ్ళిపోయింది. పొట్లం గేటు దిమ్మ మీద ఉండిపోయింది.

క్షమించమని అడగలేదు నేను. ధైర్యం చాలక కాదు. ఆమె దగ్గర్నుంచి ఇంకొకటి కూడా తీసుకోకూడదనిపించింది.

తిరుగు బస్సు నిండా జనం. మందసలో మావ ఎక్కాడు, పెద్దవల యజమాని. నా పక్కన కూర్చున్నతను దిగిపోతుంటే ఆ సీట్లో చేరాడు. భుజం మీద చరిచాడు.

“ఏరా అల్లుడా, డిగ్రీ పాసైపోనావంట. ఊరి పేరు నిలబెట్టినావు. ఇంకేటి కబుర్లు?”

చెప్పాను. మా అన్న మొలతాడు నాకు దొరికింది, నేనే పాతేశాను, వదిన తాడు ముట్టుకోకుండా చేసింది సముద్రం కాదు, నేను. గొంతు తగ్గించలేదు. ముందు సీట్లవాళ్ళు వెనక్కి తిరిగారు.

మావ నా మొహంలోకి చూశాడు. చెయ్యి తీసేశాడు. లేచి వెళ్ళి ఫుట్‌బోర్డు దగ్గర కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు, మోకాళ్ళ నొప్పుల మనిషి. సీట్ల మధ్య దారిలో ముసలీ ముతకా కూడా నిలబడే ఉన్నారు. అయినా నా పక్క సీట్లో బారువ దాకా ఎవరూ కూర్చోలేదు. కిటికీ పక్కకి జరిగి కూర్చున్నాను. గాలి బాగా వచ్చింది.