బ్రాంబుల్ తోకకు ఎర్ర రిబ్బన్

నెస్టా ప్రీస్ ముప్ఫై ఏళ్లుగా నక్కల వేటకు వెళ్లేవాళ్లకు పళ్లెం అందించడమే తప్ప తనెన్నడూ వేటకు వెళ్లలేదన్న సంగతి ఊళ్లో ఒకే ఒక్కడికి తట్టింది. వాడు విల్ఫ్ ప్యూ. తుంటి ఎముక విరిగి మంచాన పడ్డ రైతుకు ఆలోచించడం తప్ప వేరే పనేముంటుంది?

"నవంబరు మొదటి శనివారం నా గుర్రం బ్రాంబుల్‌ను నువ్వెక్కు నెస్టా," అన్నాడు. "లండన్‌లో వేటను నిషేధించే ఆ చట్టం నెగ్గిందంటే వచ్చే ఏటికి వేటే ఉండదు. రోజూ పొద్దున్నే దాన్ని తిప్పేది నువ్వేగా. నీ బరువు దానికి తెలుసు, దాని వేషాలు నీకు తెలుసు."

"నాకు అరవై ఒకటి, విల్ఫ్."

"గుర్రానికి చెప్పకు."

నెస్టా ఆ మాటకు నవ్వింది గానీ, ఇంటికొచ్చి కెటిల్ పొయ్యి మీద పెట్టి, నీళ్లు పొయ్యడం మరిచిపోయింది. ఆమె మా ఊరి 'నాగలి' పబ్బులో వంటమనిషి. ఏటా వేట మొదలయ్యే రోజున గుర్రాలన్నీ ఆ పబ్బు ముందే చేరతాయి. సాసేజ్ రోల్స్, పోర్ట్ వైన్ గ్లాసులు పెట్టిన పళ్లేన్ని రెండు చేతులా పైకెత్తి గుర్రాల మధ్య తిరగడం ఆమె పని. ముప్ఫై ఏళ్లలో ఆ మనుషుల బూట్లూ, గడ్డాల అడుగుభాగాలూ చూసినంతగా మొహాలు చూడలేదు. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, ఆ పైనుంచి కిందికి చూడాలని ఉండేది. ఎవరితోనూ అనలేదు. వంటమనిషి అలాంటివి అంటే పైకి నవ్వకపోయినా లోపల నవ్వుతారు.

అయితే అడ్డం ఒకటుంది. ఆ అడ్డం పేరు విన్నీ. నెస్టాకు అక్క, పక్కింటావిడ, గోడకు ఆ పక్క దగ్గినా ఈ పక్క వినబడేంత దగ్గర.

ఆ ఏడు ఊరు నిలువునా చీలింది. మాంసం కొట్టు కిటికీలో వేట ఉండాలని కాగితం, పోస్టాఫీసు కిటికీలో వేట పోవాలని కాగితం. పోస్టాఫీసు వైపువాళ్లు మాంసం మానేశారా అంటే అదీ లేదు, పొరుగూరు వెళ్లి కొనుక్కొచ్చారు. మాంసం కొట్టు వైపువాళ్లు స్టాంపులకు అదే పని చేశారు. బాగుపడింది పొరుగూరు. పోస్టాఫీసు వైపువాళ్లకు పెద్దదిక్కు మన విన్నీయే. కర్టెన్లు కుట్టి బతికిన మనిషి, ఇప్పుడు పాత కర్టెన్ల మీద నినాదాలు కుడుతోంది.

ఆమె కోపానికి కారణం లేకపోలేదు. చాలా ఏళ్ల క్రితం వేటకుక్కలు దారి తప్పి ఆమె పెరటి గోడ దూకాయి. ఆమె కళ్ల ముందే ఆమె పిల్లిని, బటన్ అని పిలుచుకునేది, చంపేశాయి. అప్పటి మాస్టర్, అంటే వేటకు పెద్ద, క్షమాపణగా రెండు నెమలికోళ్లు పంపాడు. విన్నీ వాటిని రోడ్డు మీదికి విసిరేసింది. నెస్టా వెళ్లి ఏరుకొచ్చి, "పోయింది ఎలాగూ పోయింది, కోళ్లేం పాపం చేశాయి," అని వండేసింది. విన్నీ కుక్కలనైనా క్షమించేదేమో గానీ ఆ వంటను మాత్రం క్షమించలేదు.

గుర్రం ఎక్కబోతున్న సంగతి చెవిన పడగానే విన్నీ గోడ మీంచి తల పెట్టింది.

"నిజమేనా?"

"నిజమే అక్కా."

"వాళ్లకు వండావు, సరే, పొట్టకూటికన్నాను. ఇప్పుడు వాళ్లతో కలిసి ఊరేగుతావా? పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం!"

"నాకు నక్క మీద పగేమీ లేదు. ఒక్కరోజు గుర్రం మీద వెళ్లాలని ఉంది, అంతే."

"వెళ్లు. వెళ్లి, మళ్లీ నా గుమ్మం తొక్కకు."

తల గోడ వెనక్కి వెళ్లిపోయింది. ఆ తర్వాత మూడు వారాలు గోడకు ఆ పక్కనుంచి దగ్గు తప్ప మాట లేదు. ఆ ఇద్దరూ చిన్నప్పటినుంచీ ఎడ్డెమంటే తెడ్డెమనేవాళ్లే, కానీ మాట్లాడకుండా ఎప్పుడూ లేరు. నెస్టాకు వెళ్లాలని ఎంత ఉందో, అక్కను పోగొట్టుకోకూడదనీ అంతే ఉంది. రెండూ దక్కే దారి మాత్రం కనబడలేదు.

శుక్రవారం విల్ఫ్ మంచం మీంచే పాఠం చెప్పాడు. "జూలు జడలు అల్లి, మడిచి, సూదీ దారంతో కుట్టాలి. జడల్లేకుండా తొలిరోజుకు వస్తే మాస్టర్ ఏమీ అనడు. ఏమీ అనకపోవడమే తిట్టు. తన్నే గుర్రమైతే తోకకు ఎర్ర రిబ్బన్ కట్టాలి, అది చూసి అందరూ ఎడంగా ఉంటారు. దీనికక్కర్లేదులే, ఇది నీ కాలు తొక్కితే రోజంతా తల దించుకు తిరిగే రకం. తిరిగొచ్చేటప్పుడు మిట్టమధ్యాహ్నమైనా సరే, మాస్టర్‌కు 'గుడ్ నైట్' చెప్పి మరీ రావాలి. మర్యాద."

అన్నీ బాగానే ఉన్నాయి గానీ, ముప్ఫై ఏళ్లు పిండి పిసికిన నెస్టా బొటనవేళ్లు సూది పట్టవు.

శనివారం చీకటితోనే విల్ఫ్ గుర్రపుసాలకు వెళ్లి కూర్చుంది. మొదటి జడ అల్లుతుండగానే ఊడింది. రెండోది కుట్టాక చూస్తే వంకాయ తొడిమలా వంకరగా నిలబడింది. సూది మూడుసార్లు గడ్డిలో పడింది. ఓపికగా నిలబడ్డ బ్రాంబుల్ మెడ మీద తల ఆనించి, "నిన్నిలా తీసుకెళ్లలేనే తల్లీ," అంది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

అప్పుడే తలుపు కిర్రుమంది. రాత్రి వేసుకునే పైజామా మీద పెద్ద కోటు, కోటు మీద 'నక్కలను బతకనివ్వండి' అన్న బిళ్ల, చేతిలో కుట్టుపెట్టె. విన్నీ.

"నేను నీకోసం రాలేదు," అంది. "దారిన పోతూ దీపం చూశాను. ఆ నోరులేని జంతువును నలుగురిలో నవ్వులపాలు చేస్తావని వచ్చాను. లే అక్కణ్నించి."

నెస్టా లేచింది. విన్నీ కళ్లద్దాలు పెట్టుకుని ఆ వంకాయ తొడిమను చూసి నిట్టూర్చింది, కత్తెరతో విప్పింది. వాళ్ల నాన్న బండ్లు తోలేవాడు. సంతల్లో పోటీలకు ఆయన గుర్రాలకు జడలు కుట్టింది చిన్నప్పుడు ఈమే. ఆ వేళ్లు ఏదీ మరిచిపోలేదు. ఒక్కో జడా గుండ్రంగా, బిగుతుగా, బొత్తాల వరసలా మెడ పొడవునా కూర్చుంది.

"అక్కా..."

"మాట్లాడించకు, నోట్లో సూది ఉంది. పోయి కోటు తొడుక్కో, తోక నేను దువ్వుతాలే. పదకొండింటికి పబ్బు ముందు నేనూ ఉంటాను, బోర్డుతో. గొంతు చించుకుని అరుస్తాను, తర్వాత ఏడవకు. నా గుమ్మం మాట కూడా అలాగే ఉంది, మార్చలేదు."

విల్ఫ్ చనిపోయిన భార్య నల్లకోటు తొడుక్కుని నెస్టా తిరిగొచ్చేసరికి విన్నీ వెళ్లిపోయింది. ఆలస్యమవుతోందన్న కంగారులో నెస్టా గుర్రం వెనకవైపు చూడనే లేదు.

పబ్బు ముందు సగం గుర్రాలు, సగం బోర్డులు. యజమాని గ్విలిమ్ ఆ రోజు తనే పళ్లెం పట్టుకుని వచ్చాడు. "ఏవమ్మా దొరసానీ, ఇవి మా వంటావిడ నిన్న చేసింది. కాస్త ఉప్పెక్కువైందంటారు, మీరెలా అంటారో!" అని పళ్లెం పైకెత్తాడు. నెస్టా నవ్వుతూ వంగి ఒకటి అందుకుంది. పైనుంచి చూస్తే గ్విలిమ్ బట్టతల మీద మంచు తుంపర మెరుస్తోంది. ముప్ఫై ఏళ్లుగా చూడాలనుకున్నది ఇదే కాబోలు అనిపించింది. ఉప్పు సరిగ్గానే ఉంది.

కానీ గ్విలిమ్ ఎందుకో చెయ్యి బారచాపి, దూరంగా నిలబడే ఇచ్చాడు. పక్కనున్న గుర్రాలూ ఒక్కొక్కటే పక్కకు జరిగాయి. ఆమె పలకరించబోతే కోర్టు గుమాస్తా భార్య చిన్నగా నవ్వి, కళ్లెం లాగి, అవతలికి తిప్పుకుంది. నెస్టా చుట్టూ ఒక బండి తిరిగేంత ఖాళీ. వంటమనిషిననా, విన్నీ చెల్లెలిననా?

ఇప్పటి మాస్టర్ లాంగ్‌మోర్ దగ్గరికొచ్చి, దగ్గరికి అంటే మరీ దగ్గరికి కాదు, టోపీ తాకి, "మిసెస్ ప్రీస్, మీరు అందరికంటే వెనక రావాలి, ఏమనుకోకండి," అన్నాడు.

"ఎందుకండీ?"

"మీ గుర్రం తోక చూసుకోలేదా?"

నెస్టా జీను మీద వెనక్కి తిరిగి చూసింది. చక్కగా దువ్విన తోకకు, ముచ్చటైన ముడితో, ఎర్ర రిబ్బన్.

విన్నీ! ఒళ్లంతా మండింది. జడలు కుట్టినట్టే కుట్టి నలుగురిలో ఇలా వెనక్కి నెట్టించిందన్నమాట. మూడు వారాల కోపాన్ని ముచ్చటగా ముడి వేసింది! దిగి ఆ రిబ్బన్ పీకి పారేద్దామని నెస్టా రికాబులోంచి కాలు తియ్యబోయింది.

అంతలో ఎవరో ఈల ఊదారు. బోర్డులవాళ్లు ఒక్కసారిగా ముందుకు తోసుకొచ్చారు. కుక్కలు అరిచాయి, ఒక బూడిదరంగు గుర్రం ముంగాళ్లు ఎత్తేసింది, దాని మీదాయన టోపీతో సహా కంచెలో పడ్డాడు. మనుషులు గుర్రాల మధ్యలోకి, గుర్రాలు మనుషుల మీదికి. కింద పడితే ఈ వయసులో తన ఎముకలూ విల్ఫ్ ఎముకలే. నెస్టా పగ్గాలు బిగబట్టి కళ్లు మూసుకుంది.

ఏమీ తగల్లేదు. కళ్లు తెరిచి చూస్తే చుట్టూ ఆ బండి తిరిగేంత ఖాళీ అలాగే ఉంది. గుర్రాలవాళ్లు అటు, బోర్డులవాళ్లు ఇటు, ఎవరూ ఆ గీత దాటలేదు. బోర్డులవాళ్ల ముందు తన బోర్డు కింద పడేసి, రెండు చేతులూ చాపి, వాళ్లను వీపుతో వెనక్కి నెడుతూ విన్నీ. "రక్తపు వేట ఆపండి!" అని ఒక కేక, వెంటనే "ఆ ఎర్ర రిబ్బన్ దాని దగ్గరికి పోకండి! పచ్చి రాక్షసి అది, తన్నిందంటే చస్తారు!" అని ఇంకో కేక. గొంతు జీరబోయినా మానలేదు. ఆ రాక్షసి ఆవలించింది.

నెస్టా కాలు మళ్లీ రికాబులో పెట్టింది. ఆ గుర్రం తన్నదని ఆ ఊళ్లో గట్టిగా తెలిసింది ముగ్గురికే. మంచంలో విల్ఫ్‌కు, జీను మీద తనకు, బోర్డు పారేసిన ఆ మొండిమనిషికి. రిబ్బన్ అలాగే ఉంచుకుంది.

వెనకే వెళ్లింది. వడ్డించేవాడు మనవాడైతే కడపంక్తిన కూర్చున్నా ఒకటే అంటారు. ఆ రోజు ఆమెకు వడ్డించిన చేయి ఎవరిదో తెలిశాక కడపంక్తి మీద బెంగ పోయింది. గేట్లు మూయడం వెనకున్నవాళ్ల పని కాబట్టి ప్రతి గేటూ మూసింది. బురద మొహాన కొట్టించుకుంది, ఒక చిన్న కాలువ దూకి "అమ్మయ్యో" అని తనకే వినబడేలా అరిచింది. కొండ ఎక్కాక కింద పబ్బూ, రెండిళ్లూ, మధ్య గోడా అగ్గిపెట్టెల్లా కనిపించాయి. విల్ఫ్‌కూ, బ్రాంబుల్‌కూ, తనను చిన్నప్పుడు బండిగుర్రం మీద కూర్చోబెట్టిన నాన్నకూ మనసులోనే దణ్ణం పెట్టుకుంది. అక్కకు మాత్రం పెట్టలేదు. అది ఇంటికెళ్లి చెప్పాల్సింది. నక్క జాడ రోజంతా దొరకలేదు, దొరకలేదని నెస్టా బాధపడనూ లేదు.

ఎండ ఇంకా ఉండగానే మాస్టర్ దగ్గరికెళ్లి "గుడ్ నైట్ సర్" అంది.

"గుడ్ నైట్, మిసెస్ ప్రీస్. ఆ జడలు ఎవరు కుట్టారు? ఈ ఏడు ఇంత బాగా ఎవరివీ లేవు."

గుర్రాన్ని కడిగి, తుడిచి, మేత పెట్టి, రిబ్బన్ విప్పి జేబులో వేసుకుని, నెస్టా నిమ్మరసం, తేనె వేసిన వేడినీళ్ల గ్లాసుతో తొక్కకూడదన్న గుమ్మం ముందు నిలబడింది. విన్నీ తలుపు తీసింది. వద్దనడానికి నోరు తెరిచింది. ఒక్క ముక్క బయటికి రాలేదు. పొద్దుట్నించి అరిచీ అరిచీ గొంతు పూర్తిగా పోయింది.

"ఏమీ అనలేదు కాబట్టి వస్తున్నాను," అని నెస్టా లోపలికొచ్చి గ్లాసు చేతిలో పెట్టింది. "నా మీదేగా అరిచావు, నా చేత్తోనే తాగు."

విన్నీ తాగింది. కాసేపటికి గాలిలా గుసగుస వచ్చింది. "నక్క?"

"దొరకలేదు."

"మంచిది." ఇంకో గుక్క తాగింది. "జడలు... ఎవరైనా చూశారా?"

"మాస్టరే అడిగాడు, ఎవరు కుట్టారని."

"ఏం చెప్పావు?"

"మా అక్క అన్నాను. పొద్దున మిమ్మల్ని హంతకుడన్నావిడే అన్నాను."

విన్నీకి నవ్వొచ్చి, నవ్వు దగ్గయ్యి, ఆ దగ్గులో కళ్లు తుడుచుకుంది. నెస్టా వీపు రాస్తూ, "నువ్వు లేకపోతే నాకీ రోజు లేదక్కా," అంది. విన్నీ ఆ మాట విననట్టు మొహం తిప్పుకుని, చెయ్యి చాపింది.

"రిబ్బన్ ఇటివ్వు. నా కుట్టుపెట్టెలోది."

"ఇవ్వను," అంది నెస్టా.