ఒడలిస్క్, అక్క చాప

ఒడలిస్క్ అనే మాటను నేను మొదట చూసింది జగిత్యాల డిగ్రీ కాలేజీ లైబ్రరీలో, ఒక బొమ్మల పుస్తకంలో. మెత్తలకు ఆనుకుని ఒక ఆడమనిషి పడుకుని ఉంటుంది. ఒంటి మీద బట్ట అంతంతమాత్రం. తలుపు దగ్గర ఎవరో నిలబడినట్టు మనవైపే చూస్తుంది, కానీ లేవదు. ఒరిగి పడుకున్న ఏ ఆడదాని బొమ్మకైనా ఇప్పుడు ఈ మాటే వాడేస్తున్నారు. డిక్షనరీ తిరగేస్తే తేలింది వేరు. టర్కీ భాషలో 'ఒడా' అంటే గది. ఒడలిస్క్ అంటే గదిపని చేసే మనిషి, అంతఃపురంలో అందరికంటే కింది దాసి. పక్కలు పరిచేది, పక్కలు ఎత్తేది.

"పనిమనిషి గట్ల పండుకుంటే పనెవరు చేస్తరు సార్?" అని మా ఇంగ్లీషు సారును అడిగాను.

"అది చిత్రకారుని ఊహ అమ్మా."

"ఊహించినాయన ఇంట్ల అంట్లు ఎవరు తోమిన్రో."

క్లాసంతా నవ్వింది. నాకు నవ్వు రాలేదు. అప్పటికి మా అక్క కువైట్‌లో ఖద్దామా. ఇంటిపనికి పోయిన ఆడవాళ్లను అక్కడ అలా పిలుస్తారు.

అక్కను సిరిసిల్లలో ఇచ్చారు. బావ సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, బట్ట నేసేవాడు. సాంచాలు ఆగిపోయాయి. బావకు వీసా దొరకలేదు. ఆడవాళ్లకైతే ఇంటిపనికి తొందరగా వస్తుందన్నాడు ఏజెంటు. ఇద్దరు ఆడపిల్లలను అత్త దగ్గర వదిలి అక్క పోయింది.

సెలవు మీద వచ్చినప్పుడు కోరుట్లలో మా అమ్మ దగ్గరికి వచ్చింది. మళ్లీ పోనని నాకొక్కదానికే చెప్పింది.

"నడుము పోయింది చెల్లె. ఆళ్లింట్ల నా జాగ వంటింట్లనే, ఫ్రిజ్ పక్కన. కాళ్లు సాపితే తలుపు పడది. జెర ఈడ పండుకోని, నడుము మంచిగైనంక మీ బావకు చెప్త, పోనని."

అక్క అడిగింది అంతే. పడుకోవడం.

మా వాడకట్టులో పగటిపూట ఆడదాని చాప పరిచి ఉండకూడదు. ఉందంటే పురుడో, జ్వరమో. అన్నీ బీడీలు చేసే ఇళ్లు. పగలంతా ఒళ్లో చాట, చేతిలో ఆకు. నడుము నొచ్చితే గోడకు ఆనుతారు తప్ప ఒరగరు. చాప కనబడితే ఇరుగుపొరుగు వచ్చి పలకరించాలి, అది మర్యాద. దీని మీద అమ్మతో నాకు ఎన్ని వాదాలో. గుళ్లో స్వామి పాము మీద దర్జాగా పడుకుంటాడు, అమ్మవారు కాళ్లొత్తుతూ కూర్చుంటుంది, మీకు నచ్చిందే అది అన్నాను. "నీ నోట్లె మన్నువడ" అంది అమ్మ. అయినా అక్కకు చాప ఆమే పరిచింది. లోపలి అర్రలో పరిచినా బాగుండేది. గాలి వస్తుందని వీధి తలుపు దగ్గర పరిచింది.

ఎదురింటి పెద్దమ్మ మొదట వచ్చింది.

"ఏమైంది బిడ్డా, పండుకున్నవ్?"

"ఏం గాలే పెద్దమ్మా. జెర నడుము వాల్చిన."

"ఏం గాకుంటే ఎందుకు పండుకుంటవ్?"

"నిద్రస్తుంది గనుక" అన్నాను నేను.

"సదువుకున్నదాన్ని అడుగలే" అంది పెద్దమ్మ.

అమ్మ సిగ్గుపడి, జ్వరమని అబద్ధమాడింది. ఇక ఒకరి తర్వాత ఒకరు. ఒకామె కషాయం కాయమంది, ఒకామె దిష్టి తీసింది. మనిషి వచ్చిన ప్రతిసారీ అక్క లేచి కూర్చుని కొంగు సర్దుకునేది. ఆ లేని జ్వరం వాడ దాటింది. గల్ఫ్ నుంచి రోగం తెచ్చుకుందన్నారు.

మాట సిరిసిల్ల చేరింది. అక్క అత్త బస్సు దిగి వచ్చి, లోపలికి రాకుండా గడప దగ్గరే నిలబడింది.

"నీకేం రోగమో చెప్పరాదు? మా వాడల నీ పిల్లలను ఎవలు ఇంట్లకు రానిస్తలేరు."

"రోగం లేదు, నడుము నొప్పి" అన్నాను. "మనిషన్నంక పండుకోదా?"

"నువ్వు పండుకో బిడ్డా. నీకు పిల్లలు లేరు, ఆకలి లేదు."

అక్క లేచి చాప చుట్టి గోడకు నిలబెట్టింది. అమ్మ ఒళ్లోని చాట తనే తీసుకుని, వీధికి కనబడేట్టు గడపలో కూర్చుని, పొద్దుగూకేదాకా బీడీలు చుట్టింది. అత్త చూసింది, పెద్దమ్మ చూసింది, అందరూ చూశారు. అది కూడా చాలలేదు. కువైట్ పోయేవాళ్లకు చేసే మెడికల్ పరీక్ష పాసైతేనే రోగం లేనట్టు. పాసైంది. పాసైనామె పోకుండా ఎలా ఉంటుంది? పోయింది.

చాలా ఏళ్లకు నడుము వంగి తిరిగొచ్చింది. పిల్లలు ఎవరి బతుకుల్లో వాళ్లు పడ్డారు. నేను జగిత్యాలలో పాఠాలు చెప్పుకుంటున్నాను. అక్క అప్పుడప్పుడు వస్తుంది. వచ్చినప్పుడల్లా మధ్యాహ్నం నేను ముందు తలుపుకు బయట తాళం వేసి, పెరటి వైపు నుంచి లోపలికి వస్తాను, ఇంట్లో ఎవరూ లేరనుకోవాలని. చాప పరుస్తాను. అక్క గోడవైపు తిరిగి, మోకాళ్లు పొట్టలోకి ముడుచుకుంటుంది. సగం చాప ఖాళీగానే ఉంటుంది.

"కాళ్లు సాపు అక్కా. ఈడ తలుపేం లేదు."

"సాపిననే" అంటుంది.

మొన్న ఎవరో గేటు చప్పుడు చేశారు. "టీచరమ్మా" అని పిలిచారు.

"తాళం చూసి పోతరు, లెవ్వకు" అన్నాను మెల్లగా.

వాళ్లు పోయారు. నేను కిటికీ నుంచి ఇటు తిరిగేసరికి అక్క లేచి, కొంగు సర్దుకుని, చాప చుడుతోంది.