తడిబట్టలతో ఎక్కనిచ్చిన వ్యాను

మా వ్యాను మావయ్య పోయారు. పోయిన నెల ఒక ఆదివారం పొద్దున్న చర్చికి బయల్దేరుతూ, మంచం మీద కూర్చుని చొక్కా గుండీలు పెట్టుకుంటున్నవారు అలాగే పక్కకి ఒరిగిపోయారట. కబురు మాకు మూడు రోజుల తర్వాత తెలిసింది. అప్పటికి మట్టి చేసేశారు. మాకెందుకు చెప్పలేదని అడిగే మొహం నాకు లేదు. ఆ ఇంటివాళ్లు కబురు పెట్టే మనుషుల్లో మేం లేకుండా పోయి పదేళ్లు దాటింది, అలా లేకుండా చేసింది నేనే. ఆ సంగతి చెప్పుకోవడానికే ఇది రాస్తున్నాను.

ఆయన మాకు చుట్టం కాదు. గుడివాడలో మా ఇంటికి రెండిళ్ల అవతల అద్దెకుండేవారు. సొంతూరు దివిసీమలో కోడూరు వైపు. పాత వ్యాను ఒకటి ఉండేది. వారంలో ఆరు రోజులు నందివాడ చెరువుల నుంచి ఐసు పెట్టెల్లో చేపలూ రొయ్యలూ తోలేవారు. పెళ్లిళ్లకీ పండగలకీ ఆ పెట్టెలు దించేసి, రెండు పొడుగాటి బల్లలు బిగించి మనుషుల్ని తీసుకెళ్లేవారు. మా అమ్మని అక్కయ్యగారూ అనీ, నాన్నని బావగారూ అనీ పిలిచేవారు కాబట్టి పిల్లలకి మావయ్య అయ్యారు. నాన్నదీ ఆయనదీ ఇంచుమించు ఒకటే వయసు. అయినా నాన్న ఆయన్ని నువ్వు అనేవారు, ఆయన నాన్నని మీరు అనేవారు. ఆ తేడా అప్పట్లో మా ఇంట్లో ఎవరి చెవినా పడేది కాదు. ఇప్పుడు రాస్తుంటే పడుతోంది.

ఏటా మాఘ పౌర్ణమికి మేం హంసలదీవి వెళ్లేవాళ్లం. సంగమంలో స్నానం, పాలకాయతిప్ప ఇసుకలో వంట, ఒక పగలూ ఒక రాత్రీ అక్కడే మకాం. బయల్దేరేముందు నాయనమ్మ చక్రాల కింద నిమ్మకాయలు పెట్టేది. మావయ్య స్టీరింగు మీద చెయ్యి వేసి కళ్లు మూసుకుని అర నిమిషం ప్రార్థన చేసుకునేవారు. "నువ్వు మీ దేవుడికి చెప్పుకో, నేను మా దేవుడికి చెప్పుకుంటా. ఎవరు ఖాళీగా ఉంటే వాళ్లు చూసుకుంటారు" అనేది నాయనమ్మ. "అలాగేనండీ పెద్దమ్మగారూ, ఎవరో ఒకరు చూస్తే చాలు, బ్రేకులు మాత్రం నేను చూసుకున్నాను" అనేవారాయన.

ఆయన స్నానం చేసేవారు కాదు. ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి, నీళ్లలో నిలబడి, చెరో చేత్తో ఇద్దరు పిల్లల్ని పట్టుకునేవారు. ఇసుకలో బండి ఎప్పుడు ఆపినా వెనక్కి తిప్పే ఆపేవారు. ఎందుకని ఒకసారి అడిగితే, "సముద్రం దగ్గర బండి మూతి ఇంటివైపే ఉండాలి నాయనా" అన్నారు. ఉప్పెన చూసిన మనిషి. అంతకంటే ఎక్కువ చెప్పలేదు, నేనూ అడగలేదు.

నేను పాఠాలు చెప్పే కాలేజీలో ఇప్పటికీ ఎవరైనా ఇంటిల్లిపాదీ ఊరెళ్దామనుకుంటే నన్నడుగుతారు, మాస్టారూ, మినీబస్సు మాట్లాడుకోవాలా, వ్యాను చాలా అని. ఈ విషయంలో నాకు బాగా తెలుసని వాళ్ల నమ్మకం. నిజమే, బాగా తెలుసు. ఎలా తెలిసిందో మాత్రం ఎవరికీ చెప్పలేదు.

ఆ వ్యానులో బల్లలు ఎదురెదురుగా ఉండేవి. ఎంత దూరం వెళ్లినా ఒకరి మొహాలు ఒకరికి కనపడుతూనే ఉండేవి, పేకాట సాగేది, పోట్లాటలూ సాగేవి. దిగాక ఆ బల్లలే ఊడదీసి ఇసుకలో వేస్తే కూర్చోవడానికీ, కూరగాయలు తరుక్కోవడానికీ పనికొచ్చేవి. పైన క్యారియర్ మీద గుండిగలు, కట్టెలు, చాపలు. టార్పాలిన్ ఒక అంచు బండికి కట్టి, రెండో అంచు రెండు వెదుళ్లకి కడితే రాత్రికి అదే గుడారం. పొద్దున్న దాన్నే కిందికి దింపి నాలుగు వైపులా చుట్టేస్తే ఆడవాళ్లు బట్టలు మార్చుకునే గది. మాలో సగం మంది మార్చుకునేవాళ్లే కాదు, తడిబట్టలతోనే ఎక్కేసేవాళ్లు. నీళ్లు నిలవకుండా బండి అడుగున ఆయనే డ్రిల్లుతో నాలుగు చిల్లులు వేయించారు. "బండన్నాక తడుస్తది, ఆరతది. మనుషులు జలుబు చేసుకోకుండా చూసుకోండి" అనేవారు.

ఇవన్నీ అనుభవిస్తూ పెరిగినవాణ్ణి. బందరులో లెక్చరర్ ఉద్యోగం వచ్చేసరికి ఇవేవీ నా కంటికి ఆనలేదు. వాసన ఒక్కటే ఆనింది. ఎంత కడిగినా ఆ బండిలో రొయ్యల వాసన పోదని నాకు గట్టి అభిప్రాయం.

అదే ఏడు నాకు బందరు సంబంధం కుదిరింది. పెళ్లి వైశాఖంలో. ఈలోగా మాఘ పౌర్ణమి వచ్చింది. వియ్యాలవారిని కూడా హంసలదీవికి రమ్మందామని నాన్న అన్నారు. కాబోయే అత్తగారూ, మావగారూ, ఆ అమ్మాయీ రొయ్యల బండిలో బల్ల మీద కూర్చుని ముక్కు మూసుకున్నట్టు ఊహించుకుని రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. బందరులో మినీబస్సు ఒకటి చూశాను. వెనక్కి వాలే సీట్లు, కిటికీలకి ఎర్ర కర్టెన్లు, ముందు చిన్న టీవీ. చూడగానే అడ్వాన్సు ఇచ్చేశాను. సీటు వెనక్కి వాలితే హోదా పెరుగుతుందని నమ్మిన వయసది.

చిక్కల్లా నాన్నతో. మావయ్యని కాదని ఇంకో బండి ఎక్కే మనిషి కాదాయన. అందుకని రెండబద్ధాలు తయారు చేశాను. మావయ్య దగ్గరికెళ్లి, "ఈసారి పెళ్లివారు వాళ్ల బండి తెస్తామంటున్నారు మావయ్యా" అన్నాను. ఆయన బండి పక్కన బకెట్ పెట్టుకుని ఏదో కడుగుతున్నారు. చేతులు తుడుచుకుని, "మంచిదే కదా నాయనా. పెద్దమ్మగారిని మాత్రం ముందు సీట్లో కూర్చోబెట్టండి, కుదుపులకి నడుం పట్టేస్తది" అన్నారు. ఇంటికొచ్చి నాన్నతో, "మావయ్య ఆ రోజు రొయ్యల లోడు ఒప్పుకున్నాడంట, మనల్ని వేరే చూసుకోమన్నాడు" అన్నాను.

నాన్న నమ్మలేదు. ఆ సాయంత్రమే ఆయన ఇంటికి వెళ్లారు. అది నేను అనుకోలేదు. తిరిగొచ్చేదాకా అరుగు మీద కూర్చుని చెమటలు తుడుచుకున్నాను. నాన్న వచ్చి చెప్పులు విడుస్తూ, "అడిగాను. లోడు ఒప్పుకున్నావంట, నిజమేనా అన్నాను. కాసేపు నా మొహంలోకి చూసి, అవునండీ బావగారూ, ముందే మాటిచ్చేశాను అన్నాడు. పదేళ్లు ఇంట్లో మనిషిలా చూశాను వాణ్ణి" అన్నారు.

అంటే మావయ్యకి అర్థమైపోయింది. నిలబడ్డ చోటే నా అబద్ధం తన నెత్తిన వేసుకున్నారు. అది నాకు ఆ క్షణంలోనే తెలిసింది. తెలిసి నేనేం చేశానో కూడా రాయాలి కదా. హమ్మయ్య అనుకున్నాను.

ఇక మినీబస్సు వైభవం వినండి. పైన క్యారియర్ లేదు, గుండిగలు కాళ్ల సందున పెట్టుకున్నాం. కట్టెలు ఎక్కించనివ్వలేదు, సీట్లకి మసి అంటుతుందట. హంసలదీవి గుడి దగ్గర ఆపేసి, "మట్టి రోడ్డు మీదకి దింపితే మళ్లీ ఎక్కదండీ" అన్నాడు డ్రైవరు. అక్కణ్ణుంచి పాలకాయతిప్ప దాకా గిన్నెలు మోసుకుంటూ నడిచాం. మా కాబోయే మావగారు ఒక చేత్తో పంచె, ఇంకో చేత్తో గంగాళం పట్టుకుని నడిచారు. వండుకోవడానికి కట్టెలు లేవు, అటుకులూ అరటిపళ్లూ తిన్నాం. నీడా లేదు.

అసలు కథ స్నానాల తర్వాత. బట్టలు మార్చుకోవడానికి మరుగు లేక ఆడవాళ్లు తడిచీరలతోనే అంత దూరం బస్సు దాకా వచ్చారు. డ్రైవరు తలుపు దగ్గర చెయ్యి అడ్డం పెట్టాడు. "తడిబట్టలతో వద్దండీ. సీట్లు పాడైతే మా ఓనరు ఒప్పుకోడు" అన్నాడు. అతన్ని అనడానికేం లేదు, అతని ఉద్యోగం అతనిది. ఆరేదాకా ఎండలో నిలబడ్డాం. ఎనభై దాటిన నాయనమ్మ గాలికి వణుకుతూ బస్సు పక్కన నిలబడింది. "వాడుంటే నన్నిలా నిలబెట్టేవాడంట్రా" అంది నాతో. నేను ఇసుక దులుపుకుంటున్నట్టు కిందికి వంగాను.

కాబోయే అత్తగారు నవ్వుతూనే, "మీకు ఎప్పుడూ వచ్చే వ్యాను ఏదో ఉందన్నారు కదండీ" అని అడిగారు. "ఉండేదండీ. నాలుగు రొయ్యలకి ఆశపడి సమయానికి చెయ్యిచ్చాడు" అన్నారు నాన్న. అందరూ విన్నారు. నోరు తెరిచి, కాదు నాన్నా, అనడానికి నాకు రెండు మాటలు చాలు. ఆ అమ్మాయి నా పక్కనే నిలబడి ఉంది. తెరవలేదు.

ఆ తర్వాత నాన్న ఆయన ఇంటి ముందు నుంచి వెళ్లడం మానేసి పక్క వీధిలోంచి వెళ్లడం మొదలుపెట్టారు. నా పెళ్లికి పిలుపు కార్డు మాత్రం పంపారు. మావయ్య వచ్చి, అక్షింతలు వేసి, చివరి పంక్తిలో భోంచేసి వెళ్లిపోయారు. రెండేళ్ల తర్వాత వ్యాను అమ్మేసి సొంతూరు చేరారు. ఒకసారి అవనిగడ్డ బస్టాండులో కనిపించి, "నాన్నగారి మోకాళ్లు ఎలా ఉన్నాయి నాయనా" అని అడిగారు. అప్పుడైనా చెప్పాల్సింది. బస్సు కదులుతోందని పరిగెత్తాను. అది నేను ఎక్కాల్సిన బస్సు కూడా కాదు.

మొన్న వాళ్ల ఊళ్లో ఆయన జ్ఞాపకార్థం ఆదరణ కూడిక పెట్టారు. నాన్నని కారులో ఎక్కించుకుని వెళ్లాను. పాస్టరుగారు, ఆయన్ని ఎరిగినవాళ్లు రెండు మాటలు చెప్పండి అన్నారు. పాఠాలు చెప్పే నోరు కదా, మైకు అందుకున్నాను. నిమ్మకాయల సంగతి చెబితే నవ్వారు, సముద్రంలో పిల్లల చేతులు పట్టుకోవడం చెబితే కళ్లు తుడుచుకున్నారు. మినీబస్సు ఊసెత్తలేదు. చాలా బాగా మాట్లాడావని నాన్న భుజం తట్టారు.

భోజనాల దగ్గర అత్తయ్య, అంటే మావయ్య భార్య, నన్ను పక్కకి పిలిచింది. "బాగా చెప్పావు నాయనా" అంది. తర్వాత మెల్లిగా, "ఆ ఏడు మీ వియ్యాలవారు వస్తన్నారని మీ నాన్నగారు ముందే చెప్పారుగా. వారం రోజులు కడిగారు బండిని. ఫినాయిలు, నిమ్మచెక్కలు, సున్నం నీళ్లు. నన్ను లోపల కూర్చోబెట్టి తలుపులేసి, వాసనొస్తందా చూడమనేవారు" అంది.

అత్తయ్యే మళ్లీ అందుకుంది.

"నాన్నగారొచ్చి లోడు సంగతి అడిగినప్పుడు నేను తలుపు చాటునే ఉన్నాను. అదేంటి, లోడు లేదుగా అనబోతే నా వంక అదోలా చూశారు. మీరు వెళ్లిన రోజు తెల్లారకుండానే ఖాళీ బండేసుకుని బయల్దేరారు. బండి ఇంటి ముందుంటే మీవాళ్లు చూస్తారని. నందివాడ చెరువు గట్టున సాయంత్రం దాకా కూర్చునొచ్చారంట. అన్నం క్యారేజీ పట్టుకెళ్లి అలాగే తెచ్చారు."

"కోపం రాలేదా అత్తయ్యా ఆయనకి?"

"ఏమో నాయనా. పెళ్లి కావాల్సిన కుర్రోడు, తండ్రి చేత తిట్టించడం ఎందుకన్నారు. మళ్లీ ఆ మాటెత్తలేదు. బండి ఎక్కిన ప్రతివాళ్లనీ వాసనొస్తందా అండీ అని అడగడం మాత్రం అలవాటైపోయింది" అంది. అని, నన్ను మళ్లీ విస్తరి ముందు కూర్చోబెట్టి ఇంకో గరిటె కూర వేసింది.

తిరుగు దారిలో నాన్న ముందు సీట్లో కూర్చున్నారు. ఆయనకిప్పుడు డెబ్భై మూడు. మోపిదేవి దాటాక కిటికీలోంచి బయటికి చూస్తూ, "మంచివాడేరా పాపం. ఒక్కసారి కక్కుర్తి పడ్డాడు. దానికి నేను అన్నేళ్లు మాట్లాడకపోవడం తప్పే. ఇవాళ ఆ ఫొటో ముందు నిలబడి క్షమించేశాను వాణ్ణి" అన్నారు.

కారు ఆ మాటతోనే నెమ్మదించింది. రోడ్డు మీద కళ్లు పెట్టి మొత్తం చెప్పేశాను. కర్టెన్లూ, రెండబద్ధాలూ, ఖాళీ బండీ, చెరువు గట్టూ, అన్నీ. అయిపోయాక నాన్న, "ఆపు" అన్నారు.

ఆపాను. తలుపు తీసుకుని దిగారు. చేతికర్ర సీటు మీదే వదిలేశారు. వెనక్కి, మేం వచ్చిన దారినే, మావయ్య వాళ్ల ఊరి వైపు నడవడం మొదలుపెట్టారు. నేను కారు తిప్పి పక్కకి వచ్చి, అద్దం దించి, "ఎక్కండి నాన్నా, నేను తీసుకెళ్తాను" అన్నాను. ఆయన తల తిప్పలేదు. మోకాలు పట్టుకుని ఒక్కో అడుగూ వేస్తున్నారు. వెనక లారీలు హారన్లు కొడుతున్నాయి. మొదటి గేరులోనే, ఆయన నడక కంటే ముందుకు పోకుండా, నేను ఆయన వెనకాలే నడుపుతున్నాను.