గోడకు ఏ పక్క బీల్డ్?

పిరీ మాస్టారికి చుట్ట అలవాటు లేదు, విస్కీ అలవాటు లేదు. ఉన్నదల్లా ఒక్క మాట పిచ్చి. ఆ మాట 'బీల్డ్'. స్కాట్లండ్ పల్లెల్లోని పాత స్కాట్స్ భాష మాట. ఎవరైనా పొరపాటున 'గాలి' అన్నా, 'గోడ' అన్నా చాలు, జేబులోంచి నోట్‌బుక్కు తీసేవారు.

"మొదట్లో దానికి ధైర్యం అని అర్థం, మైసీ. పోను పోను ఆసరా అయింది. ఆ తర్వాత గాలివానకు తలదాచుకునే చోటు..."

"మీకు రొట్టె కావాలా, బన్ను కావాలా, మాస్టారూ?" అనేది రొట్టెల కొట్టు మైసీ. ఆయన వెనక తొమ్మిదిమంది ఆవులిస్తూ నిలబడేవారు.

ఓసారి కొండమీద వడగళ్ళు పడితే అందరూ రాతిగోడ చాటుకు పరుగెత్తారు. మాస్టారు దారికి అడ్డంగా నిలబడ్డారు. "గాలి తగలని ఈ పక్కనే బీల్డ్ అంటారు, గుర్తుంచుకోండి!" అని మొదలుపెట్టి, పాతకాలం కాపరులు ఆ మాట ఎలా వాడేవారో చెప్పి ముగించేసరికి జనం తడిసి ముద్దయ్యారు.

ఆ చలికాలం కొండమీది గొర్రెల కాపరి పోయాడు. అతని భార్య ఎఫీ అవ్వ తలుపు బిగించుకుంది. పాదిరి పిలిచినా తీయలేదు. మైసీ గుమ్మంలో పెట్టిన రొట్టె కాకుల పాలైంది. "ఇలాగే తిండి మానేస్తే టౌనులో వృద్ధాశ్రమానికి పంపాల్సిందే" అన్నాడు డాక్టరు. కొండ దిగితే అవ్వ బతకదని మైసీ బెంగ పెట్టుకుంది. అలాంటి చోటికి మాస్టారు రోజూ వెళ్తున్నారని విని ఆమెకు ఒళ్ళు మండింది. "ఏడ్చే మనిషి దగ్గర కూడా ఆ సోదేనా!" అనుకుంటూ రొట్టె చంకన పెట్టుకుని కొండెక్కింది.

తలుపు బార్లా తెరిచి ఉంది. అవ్వ కేకలు వాకిట్లోకి వినిపిస్తున్నాయి.

"గాలి కొట్టే పక్కన బీల్డా? మీకు చదువు చెప్పినవాడెవడు మాస్టారూ? మొన్న కిటికీ బయట ఇదే తప్పు అరుస్తుంటే వినలేక తలుపు తీశాను. ఇంకా అదే పాటా?"

"ఏమో ఎఫీ, నేనలాగే రాసుకున్నాను."

"కొట్టేయండి! ముందు ఈ బార్లీ సూపు తాగండి, బుర్ర పనిచేస్తుంది." ఆయనకు గిన్నె నిండా పోసి, ఆ కోపంలోనే తనూ ఓ గిన్నె లాగించింది.

మైసీ వచ్చి బల్ల దగ్గర కూర్చుంది. "అదేంటి, మీరే కదా మాస్టారూ..." అనబోయేసరికి బల్ల కింద ఆయన బూటు ఆమె కాలు తొక్కింది. ఆయన మాత్రం ఎంతో శ్రద్ధగా సూపు తాగుతున్నారు. మైసీ కోపం ఎటో పోయింది. తొమ్మిదేళ్ళుగా విసుక్కున్న ఆ మనిషి ఒక్కసారిగా ముద్దొచ్చారు.

"నేనూ గాలి పక్కే అనుకున్నానవ్వా" అంది.

అవ్వ నెత్తి కొట్టుకుంది. "ఊరు ఊరంతా ఇంతేనా! రేపు మిగతావాళ్ళనీ తోలుకురా. పెద్ద కుండ పెడతాను."